రేవు కూలీ ప్రాణానికి పూచీ ఎవరిది?

చీకటితో లేచి చద్దన్నం మూట కట్టుకొని రేవుకు బయల్దేరిన మనిషి పొద్దుగూకేసరికి కాళ్లూ చేతులూ సక్రమంగా ఇల్లు చేరాలి. ఇంటిదగ్గర కనిపెట్టుకొని వున్న ఆలుబిడ్డలు కోరుకునేది అంతకు మించి ఏమీ లేదు. జగన్నాథపురం, ఏటిమొగ పేటల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి కాకినాడ రేవు పనికి వెళ్లే కూలీ కుటుంబాలన్నిటిదీ ఇదే కోరిక. అయితే ఈ కోరిక తీరే పూచీ ఎవరిది అని అడిగితే మాత్రం సూటిగా జవాబు దొరకదు. అది దొరకనంత కాలం రేవు కూలీ క్షేమం అతని అదృష్టం మీదే ఆధారపడి వుంటుంది.

కాకినాడ యాంకరేజి రేవు తీరు వేరు. పెద్ద ఓడలు గట్టుదాకా రావు. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డుగా నిలిచిన అఖాతంలో, నీరు లోతు వున్న చోట లంగరు వేసుకొని ఆగుతాయి. లారీల్లో వచ్చిన బియ్యం బస్తాలు జెట్టీ దగ్గర బార్జిల్లోకి ఎక్కుతాయి. బార్జీలు కాలువ దాటి సముద్రంలోకి పోయి ఓడ పక్కన ఆనుకుంటాయి. అక్కడ బస్తాలకు స్లింగు కట్టి, క్రేనుతో పైకి లాగి, ఓడ గర్భంలోకి దించి పేరుస్తారు. దిగుమతి సరకు ఇదే దారిలో వెనక్కి వస్తుంది. 1997లో లోతు నీటి రేవు మొదలై ఓడలు నేరుగా గట్టుకు ఆనుకునే ఏర్పాటు వచ్చినా, బార్జి పని ఆగిపోలేదు. అంటే ఇక్కడి కూలీకి గట్టు మీది ప్రమాదం, బార్జి మీది ప్రమాదం, ఓడ లోపలి ప్రమాదం మూడూ ఒకే రోజున ఎదురవుతాయి.

అందరిదీ, ఎవరిదీ కాదు

లారీ ఒకరిది. గోడౌను ఒకరిది. బార్జి ఇంకొకరిది. ఓడ పరదేశం వారిది. సరకు ఎగుమతిదారుది. పని కుదుర్చుకున్నది స్టీవ్‌డోరు. మనుషుల్ని పోగుచేసి తెచ్చింది ముఠా మేస్త్రి. రేవు ప్రభుత్వానిది. పని సవ్యంగా సాగినంత సేపు అందరూ యజమానులే. తాడు తెగి ఒక మనిషి పడితే మాత్రం యజమాని కనపడడు. తాడు ఓడవారిదని బార్జివారు అంటారు. కట్టు కట్టింది కూలీలేనని ఓడవారు అంటారు. ఆ కూలీ తమ మస్తరులో లేడని స్టీవ్‌డోరు అంటాడు. మేస్త్రి దగ్గర ఒక చిన్న నోటుబుక్కు తప్ప మరే కాగితం వుండదు.

రేవులో బస్తా లెక్క తప్పదు. గట్టున ఒక టాలీ గుమాస్తా, ఓడ మీద ఇంకొక టాలీ గుమాస్తా నిలబడి ప్రతి స్లింగునూ గీతలు గీసి లెక్కపెడతారు. ఒక బస్తా తగ్గినా సాయంత్రానికి తగవు తేలాల్సిందే. బార్జి ఎక్కిన మనుషులు ఎందరు, తిరిగి గట్టెక్కినవారు ఎందరు అని అదే శ్రద్ధతో రాసిపెట్టే పుస్తకం ప్రతి జెట్టీలోనూ వుండాలి. మనిషి నీళ్లలో పడిన సంగతి సాయంత్రం ఇంటికి రాకపోతేగాని తెలియని పరిస్థితి ఏ రేవుకూ పరువు కాదు.

చట్టం ఏమంటోంది?

రేవు కూలీ క్షేమానికి చట్టం లేక కాదు. 1934లోనే ఇండియన్ డాక్ లేబరర్స్ చట్టం వచ్చింది. దాని స్థానంలో 1986లో రేవు కార్మికుల భద్రత, ఆరోగ్యం, సంక్షేమ చట్టం వచ్చింది. 1990లో దానికి వివరమైన నిబంధనలు తయారయ్యాయి. పెద్ద రేవులకు కేంద్ర ప్రభుత్వం, కాకినాడ వంటి ఇతర రేవులకు రాష్ట్ర ప్రభుత్వం బాధ్యత వహించాలని ఆ చట్టం విడదీసి చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దీని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. కొత్త నిబంధనలు కుదిరేదాకా పాత నిబంధనలే, కొత్త చట్టానికి విరుద్ధం కానంత మేరకు, నడుస్తాయని కేంద్రం ఆనాడే తెలిపింది. అందుచేత చట్టం మారిందన్న సాకుతో జాగ్రత్తలు వదిలేసే వీలు ఎవరికీ లేదు.

ఈ కోడ్ ప్రకారం పనిచోటులో ప్రాణాపాయం, ఆరోగ్యానికి హాని లేకుండా చూడవలసినది యజమాని. ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వాలి. ప్రభుత్వం నిర్ణయించిన వయసు వారికి ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలి. పని నేర్పాలి, ప్రమాదం ఎక్కడుందో చెప్పాలి, దగ్గరుండి చూసే మనిషిని పెట్టాలి. భద్రత కోసం ఇచ్చే ఏ వస్తువుకూ, చేసే ఏ ఏర్పాటుకూ కూలీ దగ్గర పైసా వసూలు చేయరాదు. హెల్మెట్టుకో బూట్లకో కూలి డబ్బులో కోత పెట్టడం చట్టవిరుద్ధమని ప్రతి ముఠాకూ తెలియాలి. మామూలు సంస్థలకు పదిమంది పనివారు వుంటేనే ఈ చట్టం వర్తిస్తుంది. సరకు ఎక్కించి దించే రేవుకు ఆ లెక్క లేదు. మా దగ్గర ఎనిమిది మందే కదా అని తప్పుకోవడానికి వీలు లేదు.

ప్రమాదంలో చనిపోయినా, దెబ్బ తగిలి 48 గంటలు పనిలోకి రాలేకపోయినా ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. చట్టం ఉల్లంఘించినందువల్ల ప్రాణం పోయినా, తీవ్రంగా గాయపడినా యజమానికి వేసిన జరిమానాలో కనీసం సగం బాధితునికి లేదా అతని వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు వుంది.

ఎవరి పూచీ ఏది అన్నది కూడా అంత చిక్కు లెక్క కాదు. రేవు నిబంధనల వెనుక వున్న సూత్రం ఒక్కటే. ఎవరి వస్తువో వారిదే పూచీ. ఓడ క్రేను, ఓడ నిచ్చెన, ఓడ లోపలి దీపాలు, గర్భం మూతలు ఓడవారి పూచీ. గట్టు మీది క్రేను దాని సొంతదారు పూచీ. జెట్టీ అంచులు, మెట్లు, దీపాలు, ప్రాణరక్షణ సామగ్రి రేవు యాజమాన్యం పూచీ. కూలీకి పని నేర్పడం, కాపలా మనిషిని పెట్టడం, రక్షణ సామగ్రి ఇవ్వడం పనికి పెట్టినవారి పూచీ. ఈ నాలుగు ముక్కలు పెద్ద అక్షరాలతో ఒక బోర్డు మీద రాసి జెట్టీ ముఖద్వారంలో పెడితే సగం తగవులు అక్కడే తీరతాయి.

తాడు, కొక్కెం, క్రేను

రేవులో ప్రాణాలు తీసేవాటిలో మొదటిది వేలాడే బరువు. స్లింగు జారినా, తాడు తెగినా కింద వున్నవాడికి తప్పుకునే వ్యవధి వుండదు. అందుకే బరువులెత్తే యంత్రాలను అయిదేళ్లకు ఒకసారి బరువు వేసి పరీక్షించాలని, ఏడాదికి ఒకసారి అర్హుడైన మనిషి క్షుణ్ణంగా చూడాలని నిబంధన వుంది. ఎంత బరువు ఎత్తవచ్చో క్రేను మీద స్పష్టంగా రాసి వుండాలి. ఇనుప తీగల తాడును మూడు నెలలకు ఒకసారి, అందులో ఒక్క తీగ తెగినట్టు కనిపించినా ఆ తరువాత నెలనెలా పరీక్షించాలి. తాడు మందానికి ఎనిమిది రెట్ల పొడవులో, కంటికి కనపడేలా తెగిన తీగలు నూటికి పది దాటితే ఆ తాడును వాడరాదు.

ఈ లెక్క చూడడానికి ఇంజనీరు అక్కరలేదు. బొటనవేలంత లావు తాడు అయితే జానెడు పొడవులో తెగిన తీగలు ఎన్నో కూలీ కూడా లెక్కపెట్టవచ్చు. నూతి గిలక తాడు పోగులు లేస్తే కొత్త తాడు వేసేదాకా బిందె దించనివ్వని ఇల్లాలికి వున్నపాటి జాగ్రత్త టన్ను బరువు ఎత్తేవారికి వుండవద్దా?

తాడు మంచిదైనా సైగ తప్పితే ముప్పే. క్రేను నడిపేవాడికి ఓడ గర్భం అడుగున వున్న మనిషి కనపడడు. మధ్యలో నిలబడి చేతితో సైగ చేసేవాడి మీదే అతను ఆధారపడతాడు. ఆ సైగ చేసేది ఒక్కడే అయి వుండాలి, వాడికి వేరే పని చెప్పరాదు. నలుగురు నాలుగు వైపుల నుంచి ఎత్తు, దించు అని కేకలు పెట్టే చోట ఏదో ఒకనాడు చెడు జరిగి తీరుతుంది. ఆపు అన్న సైగను మాత్రం ఎవరు చేసినా క్రేను ఆగాలి.

కనపడని గాలి

తాడు తెగితే చప్పుడైనా వినిపిస్తుంది. ఓడ గర్భంలో చెడ్డ గాలికి చప్పుడు లేదు. మనం పీల్చే గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. మూతవేసిన గర్భంలో రోజుల తరబడి బొగ్గు, పచ్చి దుంగలు, తుప్పు పట్టే ఇనుప తుక్కు వుంటే అవి ఆ ప్రాణవాయువును మింగేస్తాయి. అది పది పాళ్లకు దిగితే లోపలికి దిగిన మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. ఊపిరాడడం లేదని కేక వేసే అవకాశం కూడా వుండదు.

బియ్యం ఓడల్లో మరొక ప్రమాదం. పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు రైతులకు కొత్తకాదు. గాలిలోని తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. పురుగును చంపేది ఆ వాయువే. గర్భం తెరిచి, తగినంత గాలి ఆడనిచ్చి, మీటరుతో పరీక్షించి, ఫరవాలేదని కాగితం ఇచ్చేదాకా ఏ కూలీనీ లోపలికి దించరాదు. వెల్లుల్లి వాసనో, కుళ్లు చేప వాసనో వస్తే బయటికి రావాలన్నది నిజమే కాని, వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. చేపల బోటు గర్భంలో కుళ్లిన చేప నుంచి పుట్టే వాయువు మరీ మాయదారిది. మొదట కుళ్లు గుడ్డు వాసన కొట్టి, కాస్త ఎక్కువయ్యేసరికి ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది.

ఊళ్లో పాత నూతిలో పూడిక తీసేముందు దీపం దించి చూడడం పెద్దల అలవాటు. ఓడలో ఆ పని చేయరాదు. బొగ్గు నుంచి వెలువడే వాయువుకు దీపం తగిలితే పేలుతుంది. అక్కడ మీటరు ఒక్కటే గతి.

మరొక్క మాట ప్రతి ముఠా గుర్తు పెట్టుకోవాలి. లోపల ఒకడు పడిపోతే స్నేహధర్మంగా వెంటనే దిగే రెండోవాడు, వాడి కోసం దిగే మూడోవాడు కూడా పోవడం ఇటువంటి ప్రమాదాల్లో మామూలుగా జరిగేదే. గాలి సిలిండరు కట్టుకొని, నడుముకు తాడు కట్టుకొని, పైన పట్టుకొనే మనుషులు వుంటేనే దిగాలి. ఆ సిలిండరు, ఆ తాడు పని మొదలుపెట్టేటప్పుడే గర్భం నోటి దగ్గర సిద్ధంగా వుంచడం యజమాని విధి. ప్రమాదం జరిగాక గట్టు నుంచి తెప్పించేలోగా సమయం మించిపోతుంది.

నీటి అంచున

అలల మీద బార్జి లేస్తూ పడుతూ వుంటుంది. ఓడ అంతగా కదలదు. ఈ రెండింటి నడుమ కాలు జారినవాడు నీళ్లలో పడితే ఒక ప్రమాదం, రెండు ఇనుప గోడల మధ్య నలిగితే ఇంకొక ప్రమాదం. బార్జి అల మీద పూర్తిగా పైకి లేచినప్పుడే నిచ్చెన అందుకోవాలని, కింద వున్నప్పుడు అందుకుంటే లేచే బార్జి కాళ్లను నొక్కేస్తుందని సరంగులకు తెలుసు. కొత్తగా పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి ఎవరు చెబుతారు? మొదటి రోజున మేస్త్రి ఒక గంట సేపు ఈ సంగతులు చూపించడం వల్ల ఓడ ఆలస్యం కాదు.

సముద్రం ఒడ్డున పుట్టినవాడికి లైఫ్ జాకెట్ ఎందుకని కొందరి వాదన. ఈత రానివాడి కోసమే అది అనుకోవడం తప్పు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన గజ ఈతగాడు కూడా మునుగుతాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు ఎన్ని కుటుంబాలు కూలిపోయాయో ఈ ప్రాంతం ఇంకా మరచిపోలేదు. బార్జి ఎక్కే ప్రతి మనిషికీ జాకెట్, జెట్టీ పొడవునా చేతికందే దూరంలో తాడు కట్టిన రక్షణ చక్రాలు, నీటిలోకి దిగే ఇనుప నిచ్చెనలు, రాత్రిపూట అంచు కనపడేలా దీపాలు వుండాలి. ఇవి ఖర్చుతో పోల్చితే మిగిలే ప్రాణాలు ఎన్నో.

తుఫాను రోజులలో ఎగరేసే నంబర్ల హెచ్చరికలు కూడా కూలీలకు అర్థమయ్యేలా చెప్పాలి. ఒకటి, రెండు నంబర్లు తుఫాను దూరంగా వుందని తెలుపుతాయి. మూడు, నాలుగు వస్తే రేవుకే గాలి ముప్పు వుందని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. 1996 నవంబరు 6 తుఫాను ఈ తీరాన్ని ఎట్లా తుడిచిపెట్టిందో చూసినవారు ఇంకా వున్నారు. ఏ నంబరు వరకు బార్జి కదలవచ్చో, ఎప్పుడు మనుషుల్ని గట్టుకు చేర్చాలో ముందే నిర్ణయించి బోర్డు మీద రాయాలి. ఓడకు అద్దె పెరుగుతోందని, మరొక్క ట్రిప్పు కొట్టమని ఎవరూ ఒత్తిడి తేరాదు.

నిప్పు సంగతి

రేవులో నిప్పుకు వున్న విలువ చరిత్ర చెబుతుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలింది. అందులో పేలుడు పదార్థాలు, పత్తి బేళ్లు కలిపి నింపారు. మధ్యాహ్నం పొగ కనిపించింది, సాయంత్రం నాలుగు దాటగానే పేలింది. వందలాది మంది ప్రాణాలు పోయాయి. ఏటా అగ్నిమాపక దినం ఆ తేదీన జరపడం ఈ కారణం చేతనే. 2020 ఆగస్టు 4న బేరూతు రేవు గోడౌనులో ఏళ్ల తరబడి పడివున్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు పేలి రెండువందల మందికి పైగా చనిపోయారు. దూరం దేశాల మాట ఎందుకు, 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపల రేవులో మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. పక్కపక్కనే కట్టిన బోట్లు, వాటిలో డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు వుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. జెట్టీలో వంట, బీడీ, వెల్డింగు పనికి వేరే చోటు కేటాయించి, అక్కడ తప్ప ఎక్కడా నిప్పు వుండరాదన్న నియమం గట్టిగా అమలు జరపాలి.

బరువు, ఎండ, దుమ్ము

ఒక్కరోజులో చంపే ప్రమాదాలు ఇవి. ఇరవై ఏళ్లపాటు కొద్దికొద్దిగా చంపేవి వేరే వున్నాయి. వంద కిలోల బస్తా వీపున మోసిన తరం నడుములు వంగి మంచాన పడింది. వయసులో వున్న మగవాడు కూడా 55 కిలోలకు మించి మోయరాదని, ఆడవారికి అంతకన్నా చాలా తక్కువ వుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సూచించింది. ఇప్పుడు బస్తా 50 కిలోలకు దిగింది. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే. బరువు తగ్గిందని, అంతకు రెట్టింపు బస్తాలు అదే గడువులో మోయిస్తే ఫలితం మొదటికే వస్తుంది.

బియ్యం ఎగుమతి మీద 2023 జూలైలో కేంద్రం ఆంక్ష పెట్టి 2024 సెప్టెంబరులో ఎత్తివేసింది. పని కరువైనప్పుడు పస్తులు, ఓడలు బారులు తీరినప్పుడు రాత్రింబగళ్లు వెట్టి. బస్తా లెక్కన కూలి వచ్చేవాడు ఒళ్లు చూసుకోడు. అలసిన మనిషికే ప్రమాదం ఎక్కువ అన్న సంగతి తెలిసి కూడా వరుసగా రెండు షిఫ్టులు చేయించడం యజమాని తప్పే.

వైశాఖ మాసపు ఎండలో ఇనుప బార్జి పెనంలా కాలుతుంది. గట్టుకు దూరంగా సముద్రంలో వున్నవాడికి కుళాయి వుండదు. తాగే నీరు, ఉప్పు పంచదార కలిపిన నీళ్ల పొట్లాలు, టార్పాలిన్ నీడ బార్జితోపాటే పోవాలి. మిట్టమధ్యాహ్నం పని ఆపి ఉదయం, సాయంత్రం సాగించడం మంచిది. బొగ్గు, సిమెంటు, ఎరువు దుమ్ములో పనిచేసేవారికి మాస్కులు, స్నానానికి నీరు కావాలి. తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటే పెద్ద నలుసులు ఆగుతాయి గాని ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని దుమ్ము ఆగదు. ఉచిత వైద్య పరీక్ష అంటే పేరు రాసుకొని నాడి పట్టి పంపడం కాదు. ఛాతీ ఎక్స్‌రే, కళ్లు, చెవులు, నడుము చూసి, ఆ కాగితం కూలీ చేతికి ఇవ్వాలి.

చేపల జెట్టీలో పనిచేసే ఆడకూలీల బాధ మరీ వేరు. ఐసు గడ్డలు మోయడం, చేప ఏరడం, బుట్టలు ఎత్తడం వారి పని. పొలుసు, ఐసు నీరు కలిసిన గచ్చు మీద కాలు నిలవదు. చేప ముల్లు, రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోట ఉప్పునీరు తగిలి పుండు పడుతుంది. రబ్బరు చేతితొడుగులు, జారని చెప్పులు, ధనుర్వాతం సూది మందు, తలుపు గడియ వున్న మరుగుదొడ్డి, పసిబిడ్డను పడుకోబెట్టే నీడ కోరడం గొంతెమ్మ కోరిక కాదు. మరుగుదొడ్డి లేని జెట్టీలో ఆడమనిషి రోజంతా మంచినీళ్లు తాగకుండా పనిచేస్తుంది. ఆ జబ్బు తరువాత ఆమె ఇంట్లో బయటపడుతుంది, జెట్టీ లెక్కలో పడదు.

కూలీ చేయవలసినది

బాధ్యతంతా యజమానిదేనని కూలీ చేతులు దులుపుకోరాదు. తన ప్రాణాన్నీ తోటివాడి ప్రాణాన్నీ కాచుకోవడం, లోపం కనపడితే చెప్పడం, ఇచ్చిన సామగ్రిని పాడుచేయకపోవడం తన విధి అని అదే చట్టం చెబుతోంది. హెల్మెట్టును బీడీకట్ట పెట్టుకునే బుట్టగా వాడడం, లైఫ్ జాకెట్టును తలకింద దిండుగా వేసుకోవడం, కల్లు తాగి బార్జి ఎక్కడం, వేలాడే స్లింగు కింద నుంచి అడ్డంగా దాటడం మానాలి. ప్రమాదం ముంచుకొస్తున్నదని గట్టి అనుమానం కలిగితే ఆ సంగతి యజమానికీ, తనిఖీ అధికారికీ తెలిపే హక్కు కూలీకి వుంది. అడిగినవాడిని మరునాడు పనిలోకి రావద్దనే మేస్త్రికి బుద్ధి చెప్పాలంటే ముఠా మొత్తం ఒక్క మాట మీద నిలబడాలి. ఒక్కడు అడిగితే పని పోతుంది. ముప్ఫైమంది అడిగితే తాడు మారుతుంది.

పరిహారం మాట

ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కప్పుడు జరగరానిది జరుగుతుంది. పనిలో ప్రాణం పోతే, చనిపోయినవారి నెలజీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చవేసి పరిహారం కట్టాలి. పాత పరిహారం చట్టం కింద 2020లో లెక్కకు నెలజీతం పరిమితి 15,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆ పరిమితి మేరకు ముప్ఫై ఏళ్ల మనిషికి అంకె 207.98. అంటే 15,59,850 రూపాయలు. నలభై ఏళ్లవాడికి అంకె 184.17. అంటే 13,81,275 రూపాయలు. గుత్తేదారు కట్టకపోతే పని చేయించుకున్న అసలు యజమాని కట్టి, తరువాత గుత్తేదారు దగ్గర రాబట్టుకోవాలి. తాగి వున్నాడని, మాట వినలేదని చెప్పి ప్రాణం పోయిన కేసులో పరిహారం ఎగవేయడానికి వీలులేదు.

ఇది తెలియని ఇల్లాలు దినవారాల ఖర్చుకని ముప్ఫైవేలో, యాభైవేలో చేతిలో పెడితే పెద్దమనుషుల సమక్షంలో వేలిముద్ర వేస్తుంది. లక్షలు రావలసిన చోట వేలతో సరిపెట్టే ఇటువంటి రాజీలకు ఊరి పెద్దలు సాక్షి సంతకాలు చేయరాదు. చనిపోయినవాడు ఆ రోజు ఆ బార్జి మీద పనిచేశాడని, రోజుకు ఇంత కూలి తీసుకునేవాడని నిరూపించే కాగితం లేకపోతే ఎంత మంచి చట్టమైనా అక్కరకు రాదు. నియామక పత్రం, మస్తరులో పేరు, బ్యాంకు ఖాతాలో కూలి జమ కావడం మనిషి బతికి వుండగానే కుదుర్చుకోవలసినవి.

ఇక చేయవలసినది

రేవు అధికారులు, కార్మిక శాఖ, స్టీవ్‌డోర్లు, బార్జి యజమానులు, ముఠా సంఘాలు ఒకచోట కూర్చొని ముందుగా నాలుగు పనులు చేయాలి. బార్జి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పేరుపేరునా మనుషుల లెక్క రాయాలి. తాళ్లు, క్రేనుల పరీక్ష కాగితాల నకలు జెట్టీ దగ్గర ఎవరైనా చూసేలా అంటించాలి. గాలి మీటరు, సిలిండరు లేకుండా ఏ గర్భం మూతా తీయరాదని ఉత్తర్వు ఇవ్వాలి. గాయపడినవాడిని ఓడ దగ్గర నుంచి గట్టుకు, గట్టు నుంచి ఆసుపత్రికి చేర్చే లాంచీ, అంబులెన్సు పని జరిగినంత సేపూ సిద్ధంగా వుంచాలి. తనిఖీ అధికారి నెలకు ఒకసారైనా బార్జి ఎక్కి ఓడదాకా పోయి చూడాలి. ఆఫీసు గదిలో కూర్చొని సంతకం పెట్టే తనిఖీ వల్ల తాడు తెగకుండా ఆగదు.

పల్లెల్లో పంచాయతీలు కూడా ఒక పని చేయవచ్చు. తమ ఊరి నుంచి రేవు పనికి పోయేవారు ఎవరు, ఏ మేస్త్రి కింద, ఏ యజమానికి పనిచేస్తున్నారు అన్న జాబితా ఒకటి పంచాయతీ కార్యాలయంలో వుంచితే, అవసరం పడ్డనాడు ఆ కుటుంబం తరఫున నిలబడి అడగడానికి ఆధారం వుంటుంది.

ఈ రేవు నుంచి పోయే బియ్యం ఎన్నో దేశాల్లో అన్నం అవుతోంది. ఆ బస్తాను ఎత్తినవాడి ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా చూడడం కష్టమైన పని ఏమీ కాదు. దానికి కావలసిన చట్టం వుంది, డబ్బు వుంది, సామగ్రి బజారులో దొరుకుతుంది. బస్తాకు రాసే లెక్క మనిషికీ రాయడం రేపటి నుంచే మొదలుపెడితే, మిగిలినవి దాని వెనకే నడుస్తాయి. ఓడ పక్కకు చేరిన మొదటి బార్జి దగ్గరే అధికారులు ఆ పుస్తకం అడిగి చూడాలి.